మాలిలో సిమెంటు కర్మాగారం ఉద్యోగం: మా తమ్ముడిని పంపవచ్చునా?

కృష్ణవేణి_గట్టు

మా తమ్ముడు మఠంపల్లి వైపు ఒక సిమెంటు కర్మాగారంలో 11 ఏళ్లుగా కిల్న్ (సున్నపురాయిని కాల్చే పెద్ద తిరుగుడు కొలిమి) కంట్రోల్ రూములో పనిచేస్తున్నాడు. పోయిన నెల హైదరాబాదులోని ఒక ఏజెంటు ద్వారా పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశంలో, కాయెస్ ప్రాంతంలో ఉద్యోగం కుదిరింది. ఇక్కడి జీతానికి మూడు రెట్లు ఇస్తారట, తిండీ బసా కంపెనీదేనట, ఏడాదికి ఒకసారి రానుపోను టిక్కెట్టు కూడా ఇస్తారట. ఇంటి అప్పు ఇంకా చాలా ఉంది కాబట్టి వాడు దాదాపు ఒప్పుకున్నట్టే.

అయితే 2025 జూలై 1న అదే కాయెస్‌లో డైమండ్ సిమెంట్ కర్మాగారం మీద సాయుధులు దాడి చేసి ముగ్గురు భారతీయులను ఎత్తుకుపోయారన్న వార్త చదివినప్పటి నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. ఏజెంటును అడిగితే, "మీవాడు క్యాంపు లోపలే ఉంటాడమ్మా, బయట తిరిగే పనే ఉండదు, మిలిటరీ కాపలా ఉంటుంది" అన్నాడు. ఆ మాటను నమ్మవచ్చునా? వాళ్లు విదేశీ కంపెనీలనే ఎందుకు వెతికి కొడుతున్నారు? ఇటువంటి చోట పనిచేసి వచ్చినవారు ఉంటే, అభిప్రాయం కన్నా ముందు అనుభవం చెప్పమని కోరుతున్నాను.

సున్నపురాయి_73

ఆ ముగ్గురినీ రోడ్డు మీద పట్టుకోలేదు. సాయుధులు గుంపుగా వచ్చి కర్మాగారం ఆవరణ మీదనే దాడి చేసి బలవంతంగా తీసుకుపోయారని మన విదేశాంగ శాఖ మరునాడు ఇచ్చిన ప్రకటనలోనే ఉంది. "క్యాంపు లోపలే" అన్న హామీకి అక్కడికక్కడే సమాధానం దొరికినట్టే కదా.

హనుమకొండ_చదువరి

కాయెస్ పేరు ఎందుకు పదేపదే వినబడుతోందో తెలియాలంటే ముందు పటం చూడాలి. మాలికి సముద్రం లేదు. పెట్రోలు, డీజిలు, యంత్రాలు, సరుకులు అన్నీ సెనెగల్‌లోని డాకర్ రేవు నుంచో, ఐవరీ కోస్టులోని అబిజాన్ రేవు నుంచో లారీల మీద రావలసిందే. డాకర్ నుంచి రాజధాని బమాకోకు వచ్చే దారి కాయెస్ ప్రాంతం మీదుగా పోతుంది. పెద్ద బంగారు గనులు కూడా ఆ పడమటి భాగంలోనే ఉన్నాయి, ఆ దేశపు ఎగుమతి ఆదాయంలో సింహభాగం బంగారానిదే. ఆ ప్రాంతాన్ని కలవరపెడితే ప్రభుత్వం పీక మీద కాలు పెట్టినట్టే.

దాడులు చేస్తున్నది ప్రధానంగా జేఎన్ఐఎం అనే సంస్థ. 2017 మార్చిలో నాలుగు సాయుధ ముఠాలు కలిసి దీన్ని ఏర్పరచాయి. నాయకుడు ఇయాద్ అగ్ ఘాలీ, అల్‌ఖైదాకు విధేయుడు. మొదట్లో వీరి బలం ఉత్తరాన ఎడారిలోను, నడిమి మాలిలోను ఉండేది. ఇప్పుడు పడమటికీ దక్షిణానికీ పాకారు. మాలిలో పనిచేసే విదేశీ కంపెనీలు తమ అనుమతి తీసుకోవాలని 2025లో ఈ సంస్థ ప్రకటించింది. అనుమతి అంటే డబ్బు అని వేరే చెప్పనక్కరలేదు. జూలై 1న కాయెస్, డిబోలి, నియోరో వంటి పట్టణాల మీద ఒకేరోజు దాడులు జరిగాయి. సిమెంటు కర్మాగారం మీద దాడి ఆ వరుసలోదే.

సెప్టెంబరు నుంచి ఇంధన ట్యాంకర్లను రోడ్ల మీదనే తగలబెట్టడం మొదలుపెట్టారు. బమాకోలో పెట్రోలు బంకుల ముందు రోజుల తరబడి వరుసలు కట్టారు, అక్టోబరు చివర్లో దేశమంతటా బడులు రెండు వారాలు మూసివేశారు, అమెరికా రాయబార కార్యాలయం తన పౌరులను వెంటనే వెళ్లిపొమ్మంది. నవంబరు 6న కోబ్రి అనే ఊరి దగ్గర కరెంటు లైన్ల పనిలో ఉన్న ఐదుగురు భారతీయులను ఎత్తుకుపోయారు.

కాబట్టి, అక్కా, విదేశీయుల మీద ద్వేషం ఒక్కటే దీనికి కారణం అనుకోకండి. కంపెనీ కట్టే పన్ను ప్రభుత్వానికి, కంపెనీ పోసే సిమెంటు రోడ్లకూ వంతెనలకూ, విదేశీ ఉద్యోగి కిడ్నాప్ అయితే వచ్చే సొమ్ము ముఠాకు. ఒక్క కర్మాగారాన్ని కొడితే ఈ మూడు లెక్కలూ ఒకేసారి తారుమారవుతాయి.

ఎర్రమట్టి_బాట

నేను ఘనాలో నాలుగేళ్లు, ఐవరీ కోస్టులో రెండేళ్లు గ్రైండింగ్ యూనిట్లలో పనిచేశాను. ఒక్కసారి కూడా ఎవరూ నన్ను వేలెత్తి చూపలేదు. "ఆఫ్రికా" అన్న ఒక్క మాటతో 54 దేశాలను ఒకే గాటన కట్టడం అన్యాయం. అక్రాలో రాత్రి పదింటికి కూడా నడిచి గదికి వెళ్లేవాణ్ణి. మన సిమెంటు మనుషులు ఆ దేశాల్లో వందలమంది ఇళ్లు కట్టుకున్నారు, పిల్లలను చదివించుకున్నారు. ఇక్కడ రోడ్డు ప్రమాదాలలో పోయేవారి సంఖ్యతో పోలిస్తే అక్కడ కిడ్నాపయ్యేవారు ఎంతమంది? భయపెట్టి ఒక కుటుంబానికి వచ్చిన అవకాశాన్ని చెడగొట్టవద్దని నా మనవి.

సున్నపురాయి_73

ఎర్రమట్టి గారూ, ఘనా గురించి మీరు చెప్పినది నిజం. కానీ ఆమె అడిగినది ఘనా గురించి కాదు, కాయెస్ గురించి. రోడ్డు ప్రమాదానికి మనిషి పాస్‌పోర్టు రంగుతో పనిలేదు. ఇక్కడ ఆ రంగు చూసే ఎంచుకుంటున్నారు. రెండింటినీ ఒక తక్కెడలో తూచలేము.

డెల్టా_వెల్డరు

అనుభవం చెప్పమన్నారు కాబట్టి రాస్తున్నాను, కొంచెం పొడవవుతుంది.

మాది గాజువాక. 2006 చివర్లో నైజీరియాలోని పోర్ట్ హార్కోర్ట్‌కు వెల్డరుగా వెళ్లాను. అప్పటికి మెండ్ అనే సాయుధ ఉద్యమం మొదలై ఏడాది కూడా కాలేదు. చమురు పైపులు పేల్చడం, పడవల మీద వచ్చి విదేశీ ఉద్యోగులను ఎత్తుకుపోవడం వారి పద్ధతి. 2008 జూన్‌లో తీరానికి 120 కిలోమీటర్ల దూరాన సముద్రంలో ఉన్న బోంగా చమురు కేంద్రం దాకా వెళ్లి కొట్టారు. అంతదూరం ఎవరూ రాలేరని అప్పటిదాకా అందరం అనుకున్నాము.

మా క్యాంపు నుంచి యార్డుకు బస్సులో 25 నిమిషాలు. బస్సు కిటికీలకు ముదురు నీలం తెరలు కుట్టించారు, అవి తీయకూడదు. ముందు ఒక పోలీసు జీపు, వెనక ఒక జీపు. దిగగానే తలలు లెక్కపెట్టేవారు. ఒకరు తక్కువైతే, ఆ మనిషి మరుగుదొడ్డికి వెళ్లాడని తేలేవరకు పని మొదలయ్యేది కాదు. అదే సమయంలో పెద్ద ఇంజనీర్లు హెలికాప్టరులో వచ్చి దిగేవారు. వారికి ఉన్న భద్రత మాకు లేదని ఫిర్యాదు చేయడం నా ఉద్దేశం కాదు. ఎవరికి ఎంత భద్రత అన్నది జీతం పట్టీని బట్టే ఉంటుందని మీ తమ్ముడు ముందే తెలుసుకుని వెళ్లాలి.

నా గదిలో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక ఫిట్టరు ఉండేవాడు. ఒక ఆదివారం ఇద్దరు మిత్రులతో సబ్బులు, ఫోను కార్డు కొనుక్కోవడానికి బజారుకు వెళ్లాడు. 17 రోజుల తరువాత తిరిగి వచ్చాడు. మడుగుల మధ్య ఒక గుడిసెలో ఉంచారట, కొట్టలేదట, నూడుల్స్ పెట్టారట. కాలి చెప్పు తెగిపోతే వలతాడు ముక్కతో కట్టుకుని నడిచాడు, ఆ చెప్పులతోనే క్యాంపుకు వచ్చాడు. ఆ తరువాత రెండు నెలలు మాతోనే ఉన్నాడు. క్యాంపు జనరేటరు స్టార్టు చేసిన ప్రతిసారీ మంచం మీద లేచి కూర్చునేవాడు. వాళ్లను తీసుకుపోయిన పడవ ఇంజను చప్పుడు అచ్చం అలాగే ఉండేదట.

కంపెనీ అతని కిడ్నాప్ రోజులకు జీతం ఇవ్వడానికి మొదట ఒప్పుకోలేదు. అతను మా కంపెనీ మనిషి కాడని, సబ్-కాంట్రాక్టరు మనిషి అని వాదించారు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. అక్కడ నా మూడేళ్లలో నేను నేర్చుకున్నది ఇదే.

గోదారి_రేవు

డెల్టా గారూ, ఆ ఉద్యమం వెనక ఉన్న గోడును కూడా చెప్పాలి. చమురు కారి చేపలు చచ్చిన కాలువలు, రాత్రీపగలూ మండే గ్యాసు మంటలు, అంత సంపద తమ నేల నుంచి పోతున్నా తాగడానికి మంచినీళ్లు లేని పల్లెలు. 2009లో అధ్యక్షుడు యార్ అదువా క్షమాభిక్ష ప్రకటించి, ఆయుధాలు అప్పగించినవారికి భత్యం ఇస్తామనగానే వేలమంది లొంగిపోయారు. దాన్నిబట్టే కడుపు మంట ఎంత ఉందో తెలుస్తుంది. విదేశీ కంపెనీలు ఏ తప్పూ చేయలేదన్నట్టు మాట్లాడితే సగమే చెప్పినట్టవుతుంది.

డెల్టా_వెల్డరు

ఆ కాలువలను నా కళ్లతో చూశాను. నీటి మీద నూనె తెట్టు ఇంద్రధనుస్సులా మెరిసేది, పిల్లలు అందులోనే ఈదేవారు. వారి కోపం న్యాయమైనదే. కానీ మా బస్సు ముందు జీపును కాల్చిన రోజు చనిపోయినవాడు ఆ పక్క పల్లెకే చెందిన కానిస్టేబులు. ఆ నూనె కాలువ నీళ్లు తాగి పెరిగినవాడే అతనూ.

హనుమకొండ_చదువరి

డెల్టా గారు చెప్పినది అన్నిచోట్లా కనబడుతుంది. బుర్కినా ఫాసోలో బుంగూ అనే బంగారు గని ఉంది, అప్పట్లో కెనడా కంపెనీ సెమాఫోది. 2019 నవంబరు 6న ఉద్యోగులను తీసుకువెళ్తున్న ఐదు బస్సుల వరుస మీద, గనికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో దాడి జరిగింది. ముందు వెళ్తున్న సైనిక వాహనం మందుపాతర మీద పేలిపోయింది. ఆ తరువాత బస్సుల మీద కాల్పులు జరిపారు. 37 మందికి పైగా చనిపోయారు. విదేశీ కంపెనీ మీద దాడి అని పత్రికలు రాశాయి, చనిపోయినవారిలో అత్యధికులు మాత్రం స్థానికులే. అంతకు ముందు కూడా ఆ దారిలో దాడులు జరిగాయి కాబట్టే విదేశీ ఉద్యోగులను హెలికాప్టరులో తరలించడం మొదలుపెట్టారు, స్థానికులు మాత్రం బస్సుల్లోనే ప్రయాణించారు.

నిజాంసాగర్_కాలువ

మా మేనమామ 2004లో సౌదీలోని అల్ ఖోబర్‌లో ఉండేవాడు. ఆ ఏడాది మే 29న నలుగురు ముష్కరులు మొదట చమురు కంపెనీల కార్యాలయాల మీద, తరువాత ఒయాసిస్ అనే నివాస సముదాయం మీద పడ్డారు. ముస్లిములు ఎవరు, కానివారు ఎవరు అని అడిగి వేరుచేశారు. మొత్తం 22 మంది చనిపోయారు, వారిలో ఎనిమిది మంది భారతీయులు. అంటే ఒకే దేశం నుంచి ఎక్కువమంది పోయినది మనవాళ్లే. అమెరికా, బ్రిటన్‌ల మీద కోపమని చెప్పుకుని చేసిన దాడి అది.

మామయ్య ఆ సముదాయానికి రెండు వీధుల అవతల ఒక గిడ్డంగిలో స్టోర్‌కీపరు. రాత్రంతా షట్టరు దించి, లైట్లు ఆర్పి, సిమెంటు బస్తాల వెనక కూర్చున్నారట. తెల్లవారుజామున హెలికాప్టర్ల చప్పుడు విని, అవి ఎవరివో తెలియక ఇంకా భయపడ్డారట. ఆ తరువాత ఆరేళ్లు అక్కడే పనిచేశాడు. ఎందుకున్నావు మామా అని నేనొకసారి అడిగితే, "మీ అత్త పెట్టుకున్న చీటీ ఇంకా పూర్తికాలేదురా" అన్నాడు.

ఎర్రమట్టి_బాట

నిజాంసాగర్ గారూ, మీ మామగారి మాటే నేను చెప్పదలచినది కూడా. అవసరం మనిషిని నడిపిస్తుంది. మనం ఇక్కడ కూర్చుని వెళ్లవద్దనడం తేలిక. అప్పులవాడు వాకిట్లోకి వచ్చి నిలబడినప్పుడు ఆ మాట చెప్పగలమా?

కృష్ణవేణి_గట్టు

అన్నీ చదువుతున్నాను. డెల్టా గారు రాసిన చెప్పుల సంగతి చదివి లేచి కాసేపు వాకిట్లో తిరిగాను. ఎర్రమట్టి గారూ, మీరు మమ్మల్ని భయం నుంచి బయటకు తేవాలనే రాస్తున్నారని నాకు తెలుసు, తప్పుపట్టను. నాకు తెలియవలసినది ఒకటి. ఒకవేళ ఏదైనా జరిగితే మన ప్రభుత్వం తీసుకురాగలదా? ఎంతకాలం పడుతుంది? డబ్బు ఎవరు కడతారు?

సిక్కోలు_గాలి

మీ ప్రశ్నకు మా జిల్లా అనుభవం ఉంది. లిబియాలోని సిర్తె విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే నలుగురు భారతీయులను 2015 జూలైలో, స్వదేశానికి బయలుదేరి ట్రిపోలీ వైపు వస్తుండగా పట్టుకున్నారు. ఇద్దరు కన్నడిగులను రెండు రోజుల్లో వదిలారు. మిగిలిన ఇద్దరూ తెలుగువాళ్లు, ఒకరు మా శ్రీకాకుళం వైపువారు, ఒకరు తెలంగాణవారు. వారు విడుదలై వచ్చేసరికి 2016 సెప్టెంబరు అయింది. అంటే ఏడాదికి పైగా బందీలుగానే ఉన్నారు. క్షేమంగా వచ్చారు, అది మన అదృష్టం. కానీ ఆ ఏడాదిలో ఇంట్లో ఫోను మోగిన ప్రతిసారీ వారి కుటుంబాలు ఏ స్థితిలో ఉండి ఉంటాయో ఊహించండి.

హనుమకొండ_చదువరి

అదృష్టం అందరికీ దక్కలేదు. 2006 ఏప్రిల్ చివర్లో హైదరాబాదుకు చెందిన ఒక టెలికాం ఇంజనీరును అఫ్గానిస్థాన్‌లోని జాబుల్ ప్రాంతంలో తాలిబన్లు పట్టుకున్నారు. ఆయన పనిచేసినది బహ్రెయిన్‌లోని ఒక కంపెనీ కోసం. భారతీయులందరూ అఫ్గానిస్థాన్ విడిచి వెళ్లాలని 24 గంటల గడువు పెట్టారు. చర్చలు ఒక కొలిక్కి రాకముందే ఆయన శవం దొరికింది. అంతకు ముందటి నవంబరులో జరంజ్-దెలారాం రోడ్డు పనిలో ఉన్న కేరళ డ్రైవరును ఇలాగే చంపారు. అక్కడ అడిగినది డబ్బు కాదు, మన దేశం వెళ్లిపోవడం. ఒక మనిషి ప్రాణాన్ని ఒక దేశానికి పంపే ఉత్తరంగా వాడుకున్నారు.

డబ్బు సంగతి ఇంకా చిక్కుముడి. బందీల కోసం సొమ్ము చెల్లించకుండా చూడాలని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2014 జనవరిలో 2133వ తీర్మానం చేసింది. చెల్లింపులు మాత్రం ఆగలేదు. 2025లోనే బమాకో దగ్గర కిడ్నాపయిన ఇద్దరు ఎమిరేట్స్ పౌరుల విడుదలకు దాదాపు 5 కోట్ల డాలర్లు ముట్టాయని వార్తా సంస్థలు రాశాయి. ఆ సొమ్ముతో కొనే తుపాకులు ఎవరి మీదకు వస్తాయో ఆలోచించండి. అలాగని నా కొడుకే బందీ అయితే తీర్మానం చదువుతూ కూర్చుంటానా? కూర్చోలేను. ఈ రెండు మాటలూ నిజాలే, వీటిని నేను కలపలేకపోతున్నాను.

గోదారి_రేవు

చదువరి గారు ఇది దాచకుండా రాసినందుకు సంతోషం. ధనిక దేశపు పౌరుడికి 5 కోట్ల డాలర్లు పలికాక, సిమెంటు కర్మాగారపు ఆపరేటరు కోసం ఎవరు, ఎంత పట్టుకుని రాగలరు? ధర పెరిగిన కొద్దీ పేదవాడు బందీగా ఉండే రోజులు పెరుగుతాయి.

గ్యాసుప్లాంటు_సేఫ్టీ

నేను గ్యాసు ప్లాంట్లలో భద్రతా విభాగంలో 20 ఏళ్లుగా ఉన్నాను. "మిలిటరీ కాపలా" అన్న ఏజెంటు మాట మీద ఒక్క సంగతి చెబుతాను.

అల్జీరియాలో ఇన్ అమెనాస్ దగ్గర తిగెంతూరిన్ గ్యాసు కేంద్రం ఉంది. బీపీ, నార్వేకు చెందిన స్టాటాయిల్, అల్జీరియా ప్రభుత్వ సంస్థ సొనాత్రాక్ కలిసి నడిపేవి. లిబియా సరిహద్దు దగ్గరే. 2013 జనవరి 16న తెల్లవారకముందే, విమానాశ్రయానికి బయలుదేరిన బస్సు మీద మొదట కాల్పులు జరిగాయి. ఆ వెంటనే జిహాదీ నాయకుడు ముఖ్తార్ బెల్ముఖ్తార్ ముఠావాళ్లు ముప్పైమందికి పైగా క్యాంపులోకి, ప్లాంటులోకి చొరబడ్డారు. అప్పుడు లోపల సుమారు 800 మంది ఉన్నారు. నాలుగు రోజుల తరువాత లెక్క తేలితే 40 మంది అమాయకులు చనిపోయారు, అందులో 10 మంది జపాన్ వారు. గేటు దగ్గర ఉన్న ఒక అల్జీరియా కాపలాదారు తూటా తగిలి పడిపోతూ కూడా అలారం మోగించాడు. ఆ మోత విని ఎందరో గదుల్లో దాక్కోగలిగారు. ప్లాంటును ఆపగలిగిన సిబ్బంది ఆపారు, లేకపోతే అది పేలిపోయేది. స్థానిక ఉద్యోగులు కొందరు విదేశీ సహోద్యోగులను తమతోపాటు తప్పించి తీసుకువెళ్లారు.

ఆ ఏడాది సెప్టెంబరులో స్టాటాయిల్ తన విచారణ నివేదికను తానే బయటపెట్టింది. బయట కాపలా కాసే సైన్యం మీదనే ఎక్కువగా ఆధారపడ్డామని, ఆ రక్షణ విఫలమైతే లోపల ఏం జరుగుతుందో తగినంతగా ఆలోచించలేదని అందులో ఒప్పుకుంది. చాలా కంపెనీలు ఇటువంటి నివేదికలను అలమరాలో దాచుకుంటాయి, కాబట్టి దీన్ని నేను గౌరవిస్తాను.

కనుక మీ తమ్ముడు అడగవలసినది "సైన్యం ఉందా" అని కాదు. సైన్యం దాటిపోతే తరువాత ఏముంది అని అడగాలి. లోపలి నుంచి గడియ పెట్టుకునే బలమైన గది ఉందా, అందులో నీళ్లూ శాటిలైటు ఫోనూ ఉన్నాయా, అలారం మోగితే ఏం చేయాలో సాధన (డ్రిల్లు) ఎన్నాళ్లకు ఒకసారి చేయిస్తారు, సైటు నుంచి విమానాశ్రయానికి ఏ దారిన తీసుకువెళ్తారు, వేళలు మారుస్తారా, ఒకే బస్సు ఒకే సమయానికి రోజూ కదులుతుందా. కంట్రోల్ రూము మనిషి కాబట్టి, దాడి జరిగితే కిల్న్‌ను ఎవరు ఆపాలో, ఆపకుండా పరుగెత్తడానికి అతనికి అనుమతి ఉందో లేదో కూడా అడగాలి. జవాబు ఇవ్వడానికి తడబడే కంపెనీలో సాధన జరగలేదని అర్థం.

సున్నపురాయి_73

చివరి ప్రశ్న చాలా ముఖ్యం. కిల్న్ ఎర్రగా కాలుతుండగా ఆపి వదిలేస్తే దాని ఉక్కు గొట్టం (షెల్లు) వంగిపోతుందని మనవాళ్లకు రక్తంలో ఇంకిపోయి ఉంటుంది. తూటాలు పేలుతున్నా మెల్లగా తిప్పుతూ అక్కడే నిలబడే మనుషులను నేను ఎరుగుదును. ముందే రాతపూర్వకంగా "వదిలేసి వెళ్లు" అని చెప్పకపోతే వాడు వెళ్లడు.

దుబాయ్_బంగ్లా

మొజాంబిక్‌లోని పాల్మా పట్టణాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. అక్కడి గ్యాసు ప్రాజెక్టు మనకు పరాయిది కూడా కాదు, ఓఎన్‌జీసీ విదేశ్, భారత్ పెట్రోలియం అనుబంధ సంస్థ, ఆయిల్ ఇండియా మూడింటికీ కలిపి 30 శాతం వాటా ఉంది. నడిపేది ఫ్రాన్స్‌కు చెందిన టోటల్. 2021 మార్చి 24న పాల్మా మీద దాడి జరిగినప్పుడు ప్రాజెక్టు ప్రహరీ లోపల ఉన్నవారు ఒక మాదిరిగా బయటపడ్డారు. ఊళ్లో హోటళ్లలో ఉన్న సబ్-కాంట్రాక్టర్ల మనుషులు చిక్కుకుపోయారు. అమరూలా హోటల్లో సుమారు 200 మంది రోజుల తరబడి దాక్కుని, చివరికి కార్ల వరుసలో బయలుదేరితే దారిలో కాల్చారు. హెలికాప్టర్లలో మొదట తెల్ల కాంట్రాక్టర్లనే ఎక్కించారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ నివేదిక ఇచ్చింది, ఆ హెలికాప్టర్ల సంస్థ దాన్ని ఖండించింది. డెల్టా గారు చెప్పిన సబ్-కాంట్రాక్టరు మాటకు ఇంతకన్నా ఉదాహరణ లేదు.

ఎర్రమట్టి_బాట

ఇన్ అమెనాస్, పాల్మా రెండూ చదివాక నా మొదటి పోస్టులోని పోలిక సరైనది కాదని ఒప్పుకుంటున్నాను. ఘనా, ఐవరీ కోస్టుల గురించి నేను చెప్పినదాన్ని మార్చను. కాయెస్ సంగతి వేరు. మీ తమ్ముడికి కిల్న్ అనుభవం అంత ఉంటే ఘనా, టాంజానియా, ఒమన్ వంటి చోట్ల ప్రయత్నించవచ్చు. జీతం మూడు రెట్లు కాకపోయినా రెండు రెట్లు దొరకవచ్చు. నాకు తెలిసిన నమ్మకమైన వివరాలు వేరుగా పంపుతాను.

పాస్‌పోర్టు_గుమాస్తా

కాగితాల సంగతి. మీ తమ్ముడు డిప్లొమా చదివి ఉంటే అతని పాస్‌పోర్టు ఈసీఎన్ఆర్, అంటే వలస అనుమతి అక్కరలేని కోవలోకి వస్తుంది. పైగా వలస అనుమతి తప్పనిసరి అయిన 18 దేశాల జాబితాలో మాలి లేదు. అంటే అతను వెళ్తున్నట్టు ప్రభుత్వం దగ్గర ఏ నమోదూ ఉండకపోవచ్చు. ఆ 18 దేశాలకు వెళ్లే ఈసీఆర్ (వలస అనుమతి కావలసిన) కార్మికులకు తప్పనిసరి అయిన ప్రవాసీ భారతీయ బీమా యోజన, ప్రమాదంలో చనిపోతే 10 లక్షల రూపాయలు ఇచ్చేది, అతనికి దానంతట అదే వర్తించదు. కాబట్టి కంపెనీ ఇచ్చే బీమా పత్రాన్ని తెప్పించుకుని, యుద్ధం, ఉగ్రవాదం, కిడ్నాప్ అన్న మూడు మాటలు మినహాయింపుల్లో ఉన్నాయో లేవో వెతకండి. చాలా పాలసీల్లో ఉంటాయి.

ఏజెంటుకు విదేశాంగ శాఖ ఇచ్చిన లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైటులో సంఖ్య కొట్టి చూడవచ్చు. అతను తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపైన జీఎస్టీ. అంతకు మించి అడిగితే అక్కడే ఆగండి. వెళ్లడమే జరిగితే బమాకోలో మన రాయబార కార్యాలయం ఉంది, దిగిన రోజే అక్కడ పేరు నమోదు చేయించాలి.

కృష్ణవేణి_గట్టు

ఐదు రోజుల తరువాత రాస్తున్నాను. మీ అందరి ప్రశ్నలూ ఒక తెల్లకాగితం మీద రాసి, తమ్ముడి చేతనే ఏజెంటుకు పంపించాను. మొత్తం తొమ్మిది ప్రశ్నలు. నాలుగింటికి జవాబు వచ్చింది. ఉద్యోగ ఒప్పందం కర్మాగారంతో కాదట, దుబాయ్‌లోని ఒక మానవ వనరుల సంస్థతోనట. ఈ సంగతి ఇంతవరకు వాడికి కూడా తెలియదు. బీమా ఉందన్నారు, పత్రం మాత్రం "అక్కడికి వెళ్లాక ఇస్తారు" అన్నారు. అలారం సాధన గురించి అడిగిన దానికి, "ఇన్ని అనుమానాలున్నవాళ్లు ఇంట్లోనే ఉండాలి" అని జవాబు వచ్చింది.

ఆ వాక్యం చదివాక తమ్ముడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "అక్కా, కిల్న్ ఎవరు ఆపాలన్న ప్రశ్నకు వాళ్లు జవాబే రాయలేదు" అన్నాడు. వాడికి గుచ్చుకున్నది అదే. ఎర్రమట్టి గారు పంపిన చిరునామాకు నిన్న దరఖాస్తు పెట్టాడు. మాలి ఉద్యోగం వద్దని ఏజెంటుకు ఇంకా చెప్పలేదు, ఎందుకంటే వాడి పాస్‌పోర్టు, అసలు సర్టిఫికెట్లు అతని దగ్గరే ఉన్నాయి.

పాస్‌పోర్టు_గుమాస్తా

పాస్‌పోర్టు మీ తమ్ముడిది కూడా కాదు, భారత ప్రభుత్వ ఆస్తి. దాన్ని ఆపి ఉంచే హక్కు ఏజెంటుకు లేదు. ఉద్యోగం వద్దన్న మాట ముందు చెప్పకండి. వీసా ఫారానికి పుట్టిన తేదీ పేజీ నకలు సరిచూడాలని చెప్పి, మీరిద్దరూ కలిసి వెళ్లి, మొదట పాస్‌పోర్టు, తరువాత సర్టిఫికెట్లు చేతికి తీసుకోండి. ఇవ్వకపోతే అక్కడి నుంచే నేరుగా పోలీస్ స్టేషనుకు వెళ్లి రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి, ఆ నకలును హైదరాబాదులోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (వలస వెళ్లేవారి రక్షణ చూసే అధికారి) కార్యాలయానికి కూడా పంపండి.

కృష్ణవేణి_గట్టు

రేపు ఉదయం మిర్యాలగూడలో మొదటి రైలు అందుకుని ఇద్దరం బయలుదేరుతున్నాము. రాత్రికి ఇక్కడ రాస్తాను.